పగలని రేకు కింద ఆకుకూరలు

రాళ్ళదిన్నె పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనర్ దివాకర ప్రసాద్ గారు రాజధానిలో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి, ఒక పాలికార్బొనేట్ రేకును చూసి మనసు పారేసుకుని వచ్చారు. ఆ వయసులో మనిషి మనసు పారేసుకోవడానికి అంతకన్నా నిరపాయమైన వస్తువు ఉండదని ఆఫీసులో వాళ్ళు అనుకున్నారు. పాపం, వాళ్ళకేం తెలుసు!

చూడ్డానికి అద్దంలా ఉంటుంది గానీ అద్దం కాదు. ప్లాస్టిక్కే, కానీ మన బకెట్టు ప్లాస్టిక్కు కాదు. స్టాల్లో ఉన్న టై మనిషి సుత్తి చేతికిచ్చి "కొట్టండి సార్" అన్నాడట. ఈయన కొట్టారు. పగల్లేదు. కోటు విప్పి మళ్ళీ కొట్టారు. పగల్లేదు. సర్వీసులో చేరిన దగ్గర్నుంచీ ఆయన చెయ్యి పడ్డాక కూడా నిలబడ్డ మొదటి వస్తువు అదేనని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళు ఎన్నైనా అంటారు. ఆయన మాత్రం ఆ సుత్తిని కూడా కొనుక్కుని మరీ వచ్చారు.

వచ్చిన మర్నాడే ఆయన కళ్ళు కూరగాయల మార్కెట్టు మీద పడ్డాయి. దానికి తాతలనాటి బెంగుళూరు పెంకుల షెడ్డు ఉండేది. అక్కడక్కడా పెంకులు జారి వానొస్తే కారేది, పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సి వచ్చేది. కానీ రాళ్ళదిన్నె ఎండలు తెలిసినవాళ్ళకి ఆ చీకటి విలువ తెలుసు. మే నెలలో బయట కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే, లోపల మనుషులు కునుకు తీసేవాళ్ళు.

ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే ఎడమచేతి పక్క మొదటి చోటు ఉరుకుందమ్మది. ఆకుకూరలు అమ్ముతుంది. అంతకుముందు వాళ్ళత్త అక్కడే కూర్చుని అమ్మింది. అత్త పోతూ పోతూ కోడలికి ఇచ్చింది ఆ చోటొక్కటే, ఆకుకూరల మీద కప్పడానికి ఒక గోనెపట్టాతో సహా. "ఉరుకుందమ్మ దగ్గర సాయంత్రం కొన్నా పొద్దున కోసినట్టుంటుంది" అని ఊళ్ళో పేరు. ఆ పేరులో సగం ఆమెది, సగం పెంకులది. ఆ మార్కెట్టుకో రూలు కూడా ఉంది. ఎవరైనా వారం రోజులు చోటు ఖాళీగా ఉంచితే అది ఇంకొకరికి పోతుంది. అందుకే ఒళ్ళు కాలే జ్వరంతో కూడా ఉరుకుందమ్మ వచ్చి కూర్చునేది. చోటు పోతే ఇక తనకేమీ మిగలదని ఆమెకు తెలుసు.

"సూర్యభగవానుడు ఉచితంగా సరఫరా చేయుచున్న వెలుతురును పెంకులు అడ్డుపెట్టి నిరాకరించుట ప్రజావ్యతిరేక చర్య" అని కమిషనర్ గారు కౌన్సిల్లో ఉపన్యసించారు. "ఈ రేకు తేలిక. పగలదు. తుప్పు పట్టదు. పదేళ్ళ గ్యారంటీ. తొంభై శాతం వెలుతురు లోపలికి ప్రవేశించును." కౌన్సిలర్లు బల్లలు చరిచారు. తీసేయబోయే బల్బుల గురించి ఎవరూ అడగలేదు, పెంకులెటు పోతాయో అసలే అడగలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పురోహితుడు కొబ్బరికాయ తెచ్చి గుమ్మంలో రాయి మీద కొట్టబోతే కమిషనర్ గారు ఆపారు. "రాయి మీద ఎవరైనా కొడతారు. మన రేకు మీద కొట్టండి. జనానికి దాని సత్తా తెలియాలి." నిచ్చెన వేసి చైర్మన్ గారిని ఎక్కించారు. ఆయన గోవిందా అని కాయను రేకుకేసి కొట్టారు. రేకు డోలులా మోగింది. కాయ బంతిలా ఎగిరి టమాటాల గిడ్డయ్య గంపలో పడింది.

"రేకు పగల్లేదు!" అని కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు.

"కాయ కూడా పగల్లేదు కదప్పా" అన్నాడు గిడ్డయ్య, నలిగిపోయిన టమాటాలు ఏరుకుంటూ. "ఇది మంచి శకునం గాదు."

శకునాలు ఎవరు పట్టించుకుంటారు? ఆ కాయ చారిత్రాత్మకమైనదని కమిషనర్ గారు దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళి, అదే రేకుతో ఒక పెట్టె చేయించి, తన గదిలో కిటికీ పక్కన పెట్టించారు.

చలికాలం సుఖంగానే గడిచింది. మార్కెట్టు పెళ్ళిపందిరిలా వెలిగిపోయేది. వంకాయలో పుచ్చు కూడా స్పష్టంగా కనపడుతోందని కొనేవాళ్ళు మెచ్చుకున్నారు, అమ్మేవాళ్ళు మెచ్చుకోలేదు. శివరాత్రి వెళ్ళింది. అప్పుడు మొదలైంది అసలు కథ.

పొద్దున పది దాటేసరికి షెడ్డు కాగే పెనం అయ్యేది. వేడికి రేకు సాగి, టక్కు టక్కుమని చప్పుడు చేసేది. కొత్తిమీర తొమ్మిదికి తల వంచేది, తోటకూర పదికి సొమ్మసిల్లేది, పాలకూర సంగతి చెప్పనే అక్కర్లేదు. గోనెపట్టా మీద ఉరుకుందమ్మ ఎన్ని చెంబులు నీళ్ళు పోసినా, ఆవిరై ఆమె మొహానికే తగిలేది. "ఇది మార్కెట్టు గాదు, ఇడ్లీ గిన్నె" అన్నాడు గిడ్డయ్య. నవ్వడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

తట్టుకోలేక ఒకరోజు వడలిన తోటకూర కట్ట చేత్తో పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. అసిస్టెంట్ ఇంజనీరు మల్లికార్జునయ్య గారు ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, షీటు కారుతోందా?"

"లేదు సార్."

"పగిలిందా?"

"పగల్లేదు సార్."

"మరి కంప్లైంటు ఏమిటి?"

"ఎండ సార్. లోపల ఉడికిపోతాండాం. సూడండి, పొద్దున కోసిన కూర యిది."

మల్లికార్జునయ్య గారు తోటకూర వైపు చూడలేదు. కంపెనీవాళ్ళిచ్చిన రంగుల పుస్తకం తీశారు. "తొంభై శాతం వెలుతురు వచ్చునని రాశారు. వస్తోందా?"

"వస్తాంది."

"మరింకేం! రాసింది రాసినట్టు జరుగుతున్నప్పుడు కంప్లైంటు ఎలా అవుతుంది?"

"వెలుతురుతో పాటు వేడి గూడా వస్తాంది గదా సార్."

"వేడి టెండర్లో లేదమ్మా. టెండర్లో లేనిది రాకూడదు. ఒకవేళ వస్తే దానికి కాంట్రాక్టరు బాధ్యుడు కాడు, మేమూ కాదు."

"మరెవురు సార్?"

ఇంజనీరు గారు తల పైకెత్తి ఆకాశం వైపు చూశారు. ఫ్యాను అడ్డొచ్చింది.

"పైన ఒక రేకు... మామూలు ఇనప రేకు కప్పించండి సామీ. నీడ చాలు మాకు" అని బతిమాలింది.

"కూరగాయలకు నీడ అనే పద్దు మాకు లేదు" అని ఆయన పుస్తకం మూసేశారు.

సరే, మన నీడ మనమే చూసుకుందామని ఉరుకుందమ్మ ఇంట్లోంచి పాత నీలం చీర తెచ్చి తన చోటు పైన కట్టుకుంది. హాయిగా ఉంది. రెండోరోజే ఇంజనీరు గారు వచ్చి చీర విప్పించారు. "పురపాలక సంఘమునకు చెందిన వెలుతురును అడ్డగించుట" అని నేరం రాసి, చీరను జప్తు చేశారు. తిట్టడానికి ఆమెకు నోరు లేక కాదు, తిడితే చోటు పోతుందని ఊరుకుంది. తర్వాత నాలుగు రోజులకు ఆఫీసు ముందునుంచి పోతూ తలెత్తి చూస్తే, మల్లికార్జునయ్య గారి పడమటి కిటికీకి తన నీలం చీరే పరదాలా వేలాడుతోంది. ఎండ పడకుండా బాగానే కట్టారు.

ఆ కడుపుమంటతో అందరినీ కూడగట్టింది. ఎండిపోయిన కూరలన్నీ గంపలకెత్తి ఆఫీసు మెట్ల మీద గుమ్మరించారు. కమిషనర్ గారు స్వయంగా బయటికొచ్చారు.

"చూడండి, నేను ప్రజల మనిషిని" అన్నారు. "కానీ నిబంధన ఒకటుంది. గ్యారంటీ కాలంలో ఉన్న వస్తువు పగిలితే తప్ప తొలగించరాదు. మన రేకు పగిలినచో, ఆ క్షణమే తొలగించెదను."

"మేమే పగలగొడతాం సార్!" అని అరిచాడు గిడ్డయ్య.

"పగులుట వేరు, పగులగొట్టుట వేరు. రెండోది జైలు. పగులునో లేదో శాస్త్రీయంగా తేల్చుటకు ఒక సంఘం వేసెదను."

అలా రేకు పగులుట పరీక్షా సంఘం పుట్టింది. ఇంజనీరు గారు అధ్యక్షులు. మంగళవారం పొద్దున సంఘం సభ్యులంతా సమ్మెటలతో మార్కెట్టుకు వచ్చారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. కాంట్రాక్టరు కూడా వచ్చాడు, భయపడుతూ కాదు, సెల్‌ఫోను పట్టుకుని వీడియో తీసుకుంటూ.

సభ్యులు ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. సమ్మెట వెనక్కి ఎగిరి ఒకాయన చెప్పు తెగింది. రాళ్ళు వేశారు. రోకలితో పొడిచారు. చివరికి ఓ లావుపాటి గుమాస్తాని పైకెక్కించి గెంతమన్నారు. ఆయన గెంతితే రేకు ఉయ్యాల ఊగింది గానీ పగల్లేదు. కింద నిలబడి ఉరుకుందమ్మ రెండు చేతులూ జోడించింది. "ఉరుకుంద ఈరన్న సామీ, ఒక్క చీలిక చాలు. నీకు పొంగలి పెడతా." ఈరన్న సామి ఎంతటి దేవుడైనా పాలికార్బొనేట్ దగ్గర ఏం చెయ్యగలడు! గీతలు మాత్రం పడ్డాయి, బోలెడు.

సంఘం అక్కడికక్కడే నివేదిక చదివింది. "గీతలు పడినవి. గీత పగులు కాదు. రేకు నిర్దోషి." కాంట్రాక్టరుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత కఠినమైన పరీక్ష ఏ కంపెనీ కూడా చెయ్యదని, ఇంత నమ్మకం కలిగాక పదేళ్ళ గ్యారంటీని ఇరవై ఏళ్ళకు పెంచుతున్నానని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ గిడ్డయ్య కూడా కొట్టాడు. ఉరుకుందమ్మ చోట్లో కూలబడి ఏడ్చింది. ఇరవై ఏళ్ళంటే తన బతుకంతా అయిపోయినట్టే కదా.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, రేకులో తప్పు లేదని తేలాక, తప్పు ఇంకెక్కడో ఉండాలి. కమిషనర్ గారు అదీ కనిపెట్టారు. మర్నాడు మార్కెట్టు గుమ్మానికి ఒక ఉత్తర్వు అంటించారు.

"ఇందుమూలముగా సమస్త ఆకుకూర విక్రేతలకు తెలియజేయునది ఏమనగా, కప్పు నిర్దోషియని రుజువైనందున, వడలుటకు ఆకుకూరల ఉష్ణసహన లోపమే కారణమని నిర్ధారించడమైనది. కావున విక్రేతలు తమ తమ ఆకుకూరలను ఎండకు క్రమక్రమముగా అలవాటు చేయవలెను. చేయలేనివారు చింతపండు, ఎండుమిర్చి, ధనియాలు వంటి క్రమశిక్షణ గల సరుకులకు మారవలెను."

ఆకుకూరలకు ఎండ అలవాటు చెయ్యడం మీద ఒకరోజు శిక్షణ కూడా ఇచ్చారు. శిక్షణ ఏసీ హాల్లో జరిగింది, అందుకని అందరూ వెళ్ళారు. తర్వాత ఒక్కొక్కరే గంపలు సర్దుకుని బైపాస్ పక్కన చింతచెట్ల కిందకి పోయారు. గిడ్డయ్య కూడా పోయాడు. "రా అక్కా, ఆ చోటు తగలడనీ. ప్రాణం ముఖ్యమా, చోటు ముఖ్యమా?" అన్నాడు.

"ఆ చోట్లోనే గదప్పా ప్రాణముండేది" అంది ఉరుకుందమ్మ. "మాయత్త కాన్పయిన పదో నాడు వచ్చి కూర్చునింది యీడ. నేనెట్ల పోతా?"

ఖాళీ షెడ్డులో ఒక్కతే కూర్చుంది. ఒక మధ్యాహ్నం తల తిరిగి, గోంగూర అలాగే పరిచేసి గుమ్మంలో గాలికి పడుకుంది. లేచి చూసేసరికి గోంగూరంతా గలగలలాడుతోంది. అప్పుడే అటొచ్చిన వరలక్ష్మమ్మ టీచరు ఆకు పట్టుకుని నలిపి చూసింది.

"ఒక్క పూటకే ఇంతలా ఎండిందా! కాకి వాలలేదా? దుమ్ము పడలేదా?"

"యాడ పడ్తాదమ్మా? పైనుండాది గదా, పగలని దేవుడు" అంది ఉరుకుందమ్మ విసుగ్గా.

మర్నాడు పొద్దునే టీచరు గుమ్మడి వడియాల పిండితో దిగింది. మధ్యాహ్నానికి వడియాలు గలగలా ఎండాయి. సాయంత్రానికి ఈ వార్త ఊళ్ళో ప్రతి వంటింటికీ చేరింది. ఆ తర్వాత అడగాలా! సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు, అప్పడాలు, చింతపండు, మాగాయ ముక్కలు, అన్నీ మార్కెట్టుకే. కాకుల్ని తోలే పని లేదు, గాలివానకి పరుగెత్తుకుంటూ మేడెక్కే పని లేదు. మడి కట్టుకున్నవాళ్ళు ఒక మూల, కట్టుకోనివాళ్ళు ఒక మూల. అడుగు పెట్టడానికి సందు లేదు.

కమిషనర్ గారు వచ్చి చూసి పొంగిపోయారు. "ఇదే నా ఆది నుంచీ ఉన్న ఉద్దేశం" అన్నారు. వారంలో బోర్డు మారింది: "పురపాలక మహిళా సౌర శుష్కీకరణ కేంద్రం". నోరు తిరగక జనం వడియాల షెడ్డు అనుకున్నారు. కొత్త ఉత్తర్వూ వచ్చింది. ఈ కేంద్రంలో ఆరబెట్టు పదార్థములు తప్ప పచ్చి పదార్థములు అమ్మరాదు. ఉన్న చోట్లన్నీ శుష్కీకరణ లబ్ధిదారులవే. ఉరుకుందమ్మ మెళ్ళో కూడా ఓ కార్డు వేశారు. చోటు మిగిలింది గానీ వ్యాపారం పోయింది. పచ్చి గోంగూర రోడ్డుమీద దొరుకుతుంటే ఎండు గోంగూర ఎవరు కొంటారు? పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆమె పని.

అంతలో ప్రాంతీయ సంచాలకురాలు గారు తనిఖీకి వచ్చారు. దయగల మనిషి. కారు దిగి, లోపల చెమటలు కక్కుతూ అప్పడాలు తిరగేస్తున్న ఆడవాళ్ళను చూసి కరిగిపోయారు.

"అయ్యయ్యో, మహిళలు ఇంత ఎండలోనా! కమిషనర్, వీళ్ళకు నీడ లేదా?"

"మేడం, ఇది శుష్కీకరణ..." అని ఇంజనీరు గారు నోరు తెరిచారు. కమిషనర్ గారు ఆయన కాలు తొక్కారు.

"మహిళా సంక్షేమం పద్దులో నిధులున్నాయి" అన్నారు మేడం. "వెంటనే పైన ఇనప రేకు కప్పించండి. ఒక్క కిరణం కూడా లోపలికి రాకూడదు."

"మీ మానవత్వానికి జోహార్లు మేడం" అన్నారు కమిషనర్ గారు. "పాలికార్బొనేట్ రేకు గ్యారంటీలో ఉన్నందున దానిని తొలగించక, దాని పైననే కప్పించెదను."

అలాగే కప్పారు. ప్రారంభోత్సవానికి కమిషనర్ గారు పెట్టెలోని ఆ చారిత్రాత్మక కొబ్బరికాయనే తెచ్చారు. ఈసారి బుద్ధిగా గుమ్మంలో రాయి మీద కొట్టారు. పగిలింది. లోపల చుక్క నీళ్ళు లేవు. ఆ పెట్టెలో అన్ని నెలలు ఎండకు మగ్గి, గలగలమనే కురిడి అయి కూర్చుంది. జనం గొణుక్కోబోతుంటే కమిషనర్ గారు ఆ రెండు చిప్పలూ పైకెత్తి పట్టుకున్నారు. "శుష్కీకరణ కేంద్రం తొలి ఉత్పత్తి!" అన్నారు. ఫోటోలు తీశారు.

షెడ్డు చల్లబడింది. పాతకాలం పెంకుల కింద ఉన్నంత చల్లగా, చీకటిగా ఉంది. మరి వడియాలు ఎండుతాయా? మూడోరోజుకి బూజు పట్టాయి. ఆడవాళ్ళు రేకునీ మేడంనీ కలిపి తిట్టుకుంటూ వడియాల గుడ్డలు చుట్టుకుని మళ్ళీ మేడలెక్కారు. షెడ్డు మొత్తం బోసిపోయింది. ఉరుకుందమ్మ ఆ చీకట్లో నేల మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా తగిలింది.

మర్నాడు తెల్లారేసరికి ఆమె ముందు తోటకూర, పాలకూర, గోంగూర, కొత్తిమీర కట్టలు వరసగా పరిచి ఉన్నాయి. గోనెపట్టా తడిసి ఉంది. పాత బేరాలన్నీ వెతుక్కుంటూ వచ్చాయి. వేడి ఏమైందని ఎవరూ అడగలేదు, తోటకూర ఎలా ఇస్తావనే అడిగారు. రెండు రోజులు అలా గడిచాక, కబురు తెలిసి మల్లికార్జునయ్య గారు తనిఖీకి వచ్చారు.

"ఏమ్మా, బోర్డు చదవలేదా? ఇది శుష్కీకరణ కేంద్రం. పచ్చికూర అమ్మకూడదు. చోటు రద్దు చేయాల్సి వస్తుంది."

ఉరుకుందమ్మ చెయ్యి మాత్రం నీళ్ళు చల్లడం ఆపలేదు.

"అమ్మడం ల్యా సార్. ఆరబెడతాండా."

"ఆరబెడుతున్నావా? నీళ్ళు చల్లుతున్నావు కదా!"

"దుమ్ము పోవాల గదా సార్. శుభ్రంగా ఎండాలని మీరే సెప్తిరి."

"మరి జనం పట్టుకుపోతున్నారే?"

"అదే సార్ నా బాధ. ఎండేదాకా యెవురూ ఆగరు. పరిచింది పరిచినట్టే ఎత్తుకుపోతాండారు. మల్లా తెచ్చి మల్లా పరుస్తాండా. నేనేం సేతు?"

ఇంజనీరు గారు తల పైకెత్తారు. ఈసారి ఫ్యాను లేదు. గీతలు పడ్డ పగలని రేకు, దాని మీద చీకటిగా ఇనప రేకు. కూర ఎండటం లేదని రాస్తే ఎందుకు ఎండటం లేదో రాయాలి. అది రాస్తే పై రేకు గురించి రాయాలి. పై రేకు గురించి రాస్తే మేడం గురించి రాయాలి. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "శుష్కీకరణ పురోగతిలో ఉన్నది" అని రాసుకున్నారు.

"ఎప్పటికి ఎండుతుందమ్మా ఇది?"

"మీరే సెప్పాల సార్. పైన కప్పింది మీరే గదా."

ఆయన వెళ్ళబోయి ఆగారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "ఆ కొత్తిమీర... ఒక కట్ట ఇయ్యి."

"ఇంకా ఎండల్యా గదా సార్."

"పర్వాలేదు, నేను తీసుకెళ్ళి ఎండబెట్టుకుంటాలే."

ఉరుకుందమ్మ లేతగా ఉన్న కట్ట ఏరి, నీళ్ళు దులిపి చేతిలో పెట్టింది. "ఆఫీసులోనే ఎండబెట్టుకోండి సార్. మీ కిటికీకి నా చీరుండాది గదా, ఆ నీడన బాగా ఎండుతాది."

మల్లికార్జునయ్య గారు కట్టను జేబులో కుక్కుకుని వెళ్ళిపోయారు. చీర మర్నాడే తిరిగొచ్చింది, ఉతికి, ఇస్త్రీ చేసి మరీ. ఉరుకుందమ్మ దాన్ని బిందెలో ముంచి, పిండి, తోటకూర మీద కప్పింది.